మూడో పేరా

పేపర్ల కట్టలో సగం దాటాక చిన్న మేడం చదవడం మానేసింది. చూస్తోంది, అంతే. మొదటి ప్రశ్నకు జవాబు రెండో పేరాలోని మొదటి వాక్యం. రెండో ప్రశ్నకు దాని పక్క వాక్యం. చేతిరాత మారుతోంది గాని వాక్యం మారడం లేదు. అవి కొక్కెం మాస్టారు ఎర్ర సిరాతో దిద్దేసిన పేపర్లు. ఆయన టిక్కు పక్కన ఆకుపచ్చ టిక్కు పెట్టి, మార్కులు మళ్ళీ కూడి, మూలన పొట్టి సంతకం చేయడం ఆమె పని.

ఆస్పత్రుల్లో ల్యాబు పనికి మనుషులను తయారు చేసే శిక్షణ సంస్థ అది. చేరేవాళ్ళంతా బడి చదువు సొంత భాషలో చదువుకుని వచ్చినవాళ్ళు. ఇక్కడి పుస్తకాలన్నీ పరాయి భాషలో ఉంటాయి. అందుకని ఏడాది మధ్యలో ఒక పరీక్ష పెడతారు. పరాయి భాషలో ఒక పేజీ సైన్సు పాఠం ఇస్తారు, కింద ప్రశ్నలు ఉంటాయి. అందులో తప్పితే పేరు కొట్టేస్తారు. హాస్టలు ఖాళీ చేయాలి. పోయిన సీటు మళ్ళీ రాదు.

ఈ పరీక్షను గట్టెక్కించే ఉపాయం కొక్కెం మాస్టారిది. ఆ పేరు పిల్లలు పెట్టిందే అయినా ఆయన కాదనలేదు. క్లాసులో బల్ల మీద చేయి వేసి చెప్పేవారు: "ప్రశ్నలో లావుపాటి మాట ఏదో చూడండి. దానికి కొక్కెం తగిలించండి. పాఠంలో ఆ మాట ఎక్కడుందో అక్కడ కొక్కెం వేసి లాగండి. వాక్యం వాక్యమంతా ఊడివస్తుంది. తెచ్చి కాగితం మీద పరిచేయండి. అర్థం సంగతి ఉద్యోగం వచ్చాక చూసుకుందురు గాని." పిల్లలు నవ్వేవారు, పరిచేసేవారు, పాసయ్యేవారు.

కట్ట అడుగున ఒక పేపరు మీద ఎర్ర సున్నా ఉంది. అదే పేపర్లో దాని కింద ఇంకొకటి, ఇంకొకటి. మొత్తం దగ్గర వచ్చిన మార్కుల చుట్టూ ఎర్ర గుండ్రం, తప్పినట్టు. చిన్న మేడం ఆకుపచ్చ పెన్నును సున్నా పక్కకు తీసుకువెళ్ళింది. పెన్ను ఆనలేదు. ఆ జవాబు పొట్టిగా ఉంది. పరాయి భాష అక్కడక్కడా కుంటుతోంది. "నీళ్ళు కింద ఉండాలి. యాసిడ్ పైనుంచి, కొంచెం కొంచెం. ఎందుకంటే కొంచెం నీళ్ళు ఎక్కువ యాసిడ్ మీద పడితే ఉడికి మొహం మీదికి వస్తుంది."

జవాబుల కాగితం ప్రకారం ఇది తప్పు. ఆమె టీకప్పు కింద ఉన్న ప్రశ్నపత్రాన్ని లాగి, కప్పు గుండ్రటి తడిని చీరకొంగుతో తుడిచి, పాఠం మొదటి నుంచి చదివింది.

రెండో పేరా ఇలా మొదలవుతుంది: గాఢమైన యాసిడ్‌ను పల్చన చేసేటప్పుడు యాసిడ్‌లోకి నీళ్ళను నెమ్మదిగా పోయాలి. మూడో పేరా ఇలా ఉంది: నీళ్ళూ యాసిడూ కలిసిన చోట వేడి పుడుతుంది. కింద యాసిడ్ ఎక్కువ ఉండి దాని మీద కాసిని నీళ్ళు పడితే, ఆ నీళ్ళు ఒక్కసారిగా మరిగి యాసిడ్‌ను పైకి చిమ్ముతాయి. అందువల్ల పాత్రలో ముందుగా ఉండవలసింది ఎప్పుడూ నీళ్ళే.

మూడో పేరా నుంచి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అక్కడికి ఎవరి కొక్కెమూ వెళ్ళలేదు.

ఆమె దిద్దేసిన పేపర్లను కట్టలోంచి బయటికి తీసింది. మొదటి పేపరు: యాసిడ్‌లోకి నీళ్ళు. ఎర్ర టిక్కు, పక్కన తన ఆకుపచ్చ టిక్కు. రెండోది అంతే. మూడోది అంతే. తర్వాత తీయలేదు.

పక్క బల్ల దగ్గర కొక్కెం మాస్టారు నారింజపండు ఒలుస్తున్నారు. తొక్క తెగకుండా తీయడం ఆయనకు సరదా. "మాస్టారూ, ఈ పేపరు చూశారా?" అంది.

"చూసే పెట్టానమ్మా సున్నా. కళ్ళు మూసుకుని పెట్టలేదు."

"రెండో పేరా తప్పు. తిరగబడింది."

ఆయన చేతులు తుడుచుకుని కాగితం అందుకున్నారు. పెదవులు కదుపుతూ చదివారు. మూడో పేరా రెండుసార్లు చదివారు. "అవును. టైపులో తిరగేశాడు వెధవ" అన్నారు.

"ప్రూఫు చూసింది మీరేగా?"

"నేనే. జవాబుల కాగితం పక్కన పెట్టుకుని చూశాను. ఆ కాగితం కూడా దీన్ని చూసి టైపు చేసిందేగా, రెండూ చక్కగా అతికాయి."

"పాఠం చదవలేదా మాస్టారూ?"

"జవాబు వాక్యం ఉందా లేదా చూస్తాం గాని, పాఠం ఎవరు చదువుతారమ్మా? నువ్వు చదివావా?"

ఆయన తొన ఒకటి తీసి ఆమె ముందు పెట్టారు. "తిను. ప్రశ్నలో ఏముంది? పాఠం ప్రకారం రాయండి అనేగా. ఈ అమ్మాయి పాఠం ప్రకారం రాయలేదు."

"మూడో పేరా పాఠంలోది కాదా?"

"ఉంది. కాని ప్రశ్న దాన్ని అడగలేదు."

"ఇంత క్లాసులో పాఠం చదివింది ఈ పిల్ల ఒక్కతే మాస్టారూ. మనతో కలిపి."

ఆయన తొన మీది నారలు తీశారు. తర్వాత గొంతు తగ్గించి అన్నారు: "నేను చేరిన కొత్తలో అర్థమే చెప్పేవాణ్ణి. వాక్యం విప్పి, బోర్డు మీద బొమ్మ వేసి. ఆ ఏడు క్లాసులో ముప్పావువంతు తప్పారు. పెట్టెలు పట్టుకుని గేటు దగ్గర నిలబడితే నేను ఈ కిటికీలోంచే చూశాను. కొక్కెం పట్టించాక ఒక్కడు పోలేదు. ఒక్క ఏడాదిలో వీళ్ళకి ఇంకో భాష ఎక్కడినుంచి తెస్తావు నువ్వు?"

"ఇప్పుడు ఒకతె పోతోందిగా."

"కొక్కెం పట్టుకోనంటే పోదూ మరి?"

ఆమె ప్రశ్నపత్రం పట్టుకుని కింది అంతస్తులో ల్యాబు సారు దగ్గరికి వెళ్ళింది. ఆయన గాజుగొట్టాలు కడిగి స్టాండుకు బోర్లిస్తున్నాడు. తడిచేత్తో ముట్టుకోకుండా మెడ వంచి చదివి, "బాబోయ్" అన్నాడు. "ఇది చేస్తే మొహం కాలుతుంది. తప్పే, అందులో అనుమానం లేదు. కాని నన్ను లాగకండి మేడం. అది మీ భాష పేపరు. యాసిడ్ పాఠం నా దగ్గరికి వచ్చే నెలకి గాని రాదు."

"వచ్చే నెల వచ్చేసరికి వాళ్ళ బుర్రలో ఇదే ఉంటుంది."

"పాఠాలు బుర్రలో ఉంచుకునే పిల్లల్ని నేనింతవరకు చూడలేదండి" అని ఆయన ఇంకో గొట్టం బోర్లించాడు.

మర్నాడు పొద్దున ఆఫీసు వరండాలో ట్రంకుపెట్టె ఉంది. దాని మీద ఒకాయన కూర్చున్నాడు. గోళ్ళలో నల్లటి గ్రీజు, జేబులో టెస్టరు. పక్కన స్తంభానికి ఆనుకుని ఆ అమ్మాయి నిలబడింది. క్లాసులో ఆమెను డౌటమ్మ అంటారు. ప్రతి పాఠం తర్వాత చేయెత్తేది ఆమే.

ఆయన చిన్న మేడాన్ని చూసి లేచాడు. "నమస్కారం మేడం గారూ. నేను దీని బావనండి. అక్కమొగుణ్ణి. మా మరదలు ఏం తప్పు చేసిందండీ? నోరెక్కువ చేసిందా? ఇంట్లో కూడా అంతేనండి. నేను స్కూటర్ విప్పితే పక్కన కూర్చుని ఈ బోల్టు ఎందుకు, ఆ బోల్టు ఎందుకు అంటుంది. ఒకసారి దాని గోల పడలేక ఒక బోల్టు బిగించడం మర్చిపోయాను."

"ఊరుకో బావా."

"ఊరుకుంటే పెట్టె మోసేది ఎవరు, నువ్వా?"

చిన్న మేడం ఆ అమ్మాయిని పక్కకు పిలిచింది. "ఆ జవాబు ఎలా రాశావు? ల్యాబులో ఇంకా చెప్పలేదుగా?"

"చెప్పలేదు మేడమ్. మొదట నేను కూడా రెండో పేరాలోదే రాశాను. టైముందని కిందిది కూడా చదివాను. రెండూ పొసగలేదు. పైది పొయ్యమంది, అంతే. కిందిది ఎందుకో చెప్పింది. ఎందుకో చెప్పినదాన్ని నమ్మాను. మొదట రాసింది కొట్టేశాను."

"మిగతావాళ్ళంతా ఒకటే రాస్తే నీకు భయం వేయలేదా?"

"వాళ్ళేం రాశారో నాకెలా తెలుస్తుంది మేడమ్? చూసి రాయలేదుగా."

వెనకనుంచి బావ అందుకున్నాడు. "అదేనండి దీని రోగం."

"నువ్వు రాసిందే సరైనది" అంది చిన్న మేడం. అమ్మాయి తల ఊపింది. మొహంలో సంతోషం రాలేదు. "మరి పేరు కొట్టేశారు కదా మేడమ్?" అంది.

చిన్న మేడం స్టాఫ్ రూమ్‌కి వెళ్ళి ఫిర్యాదు రాసింది. రెండో పేరా తప్పు, జవాబుల కాగితం తప్పు, పరీక్ష రద్దు చేయాలి. మూడు వాక్యాలు. నిబ్ కాగితాన్ని రెండుచోట్ల చించింది. దాన్నే తీసుకువెళ్ళి ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టింది.

ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు మార్చుకుని చదివారు. గంట కొట్టి కొక్కెం మాస్టారిని పిలిపించారు. మాస్టారు వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"తప్పుందా మాస్టారూ?"

"ఉందండి."

"ఉందని మనకి తెలుసు. బయట తెలిస్తే ఏమవుతుంది?" ప్రిన్సిపాల్ గారు చిన్న మేడం వైపు తిరిగారు. "ఫలితాలు నిన్ననే మాస్టారి మార్కులతో పై ఆఫీసుకి వెళ్ళిపోయాయి మేడం. క్లాసంతటికీ మళ్ళీ పరీక్ష పెట్టమంటారా? ఈసారి ఇరవై మంది తప్పితే వాళ్ళ పెట్టెలు కూడా మీరే మోయిస్తారా?"

"తప్పు రాసినవాళ్ళు పాసై, సరిగ్గా రాసిన పిల్ల పెట్టె సర్దుకోవాలా సర్?"

"అరవకండి."

"నేను అరవడం లేదు."

అరుస్తోందని ఆమెకు తెలుసు. గుమ్మం దగ్గర అటెండరు తల పెట్టి చూసి వెనక్కి తీసుకున్నాడు.

కొక్కెం మాస్టారు మధ్యలోకి వచ్చారు. "ఆ అమ్మాయికొక్కదానికి ఇంకోసారి పరీక్ష పెడదామండి. ఒంట్లో బాగాలేక రాయలేకపోయిందని రాసుకుందాం."

"ఒంట్లో బాగాలేనిది ఆ అమ్మాయికి కాదు మాస్టారూ" అంది చిన్న మేడం.

ప్రిన్సిపాల్ గారు మాస్టారి వైపే తిరిగారు. "రేపే పెట్టేయండి. అదే పేపరు."

"అదే పేపరేంటి సర్?"

"కొత్తది పెడితే పాతదాంట్లో ఏదో ఉందని మనమే చెప్పినట్టు."

"పోనీ ఆ వాక్యం సరిచేసి ఇవ్వండి."

"సరిచేస్తే చెప్పినట్టు కాదా?" అన్నారాయన. ఆమె ఫిర్యాదును మడిచి పేపర్‌వెయిట్ కింద పెట్టారు. "దిద్దేది మీరిద్దరే. జవాబుల కాగితం అదే."

ఆమె వరండాలోకి వచ్చింది. అమ్మాయి దగ్గరికి వెళ్ళి నెమ్మదిగా చెప్పింది. "రేపు మళ్ళీ పరీక్ష. పాఠం అదే, తప్పు కూడా అదే. నువ్వు రాసిందే రాయి. మూడో పేరా ఎత్తిచూపి రాయి. నేను మార్కులు వేస్తాను. ఎవరొచ్చి కొట్టేస్తారో చూస్తాను."

"సరే మేడమ్."

"భయపడకు."

"సరే మేడమ్" అని మళ్ళీ అంది.

బావ ట్రంకుపెట్టెను గోడవారకు జరిపాడు. "అయితే ఇంటికి రేపేనన్నమాట. అక్కకి ఫోను చేసి, మీ చెల్లెలి డౌటు ఇంకా తీరలేదని చెప్తాను" అన్నాడు.

పరీక్ష ఖాళీ క్లాసులో జరిగింది. కొక్కెం మాస్టారు కాపలా కూర్చున్నారు. చిన్న మేడం పక్క గదిలో పాఠం చెబుతూ గోడ అవతల కుర్చీ చప్పుడు కోసం చెవి పెట్టింది. అనుకున్నదానికంటే చాలా ముందే చప్పుడయింది. పాఠం ముగించి స్టాఫ్ రూమ్‌కి వచ్చేసరికి పేపరు ఆమె బల్ల మీద ఉంది. ఎర్ర టిక్కులు పడి ఉన్నాయి. మొదటి ప్రశ్నకు టిక్కు. రెండో ప్రశ్నకు టిక్కు. అన్నిటికీ.

ఆమె కూర్చోకుండానే చదివింది. మొదటి జవాబు: గాఢమైన యాసిడ్‌ను పల్చన చేసేటప్పుడు యాసిడ్‌లోకి నీళ్ళను నెమ్మదిగా పోయాలి. అక్షరం పొల్లుపోలేదు. కొట్టివేతలు లేవు. భాష ఎక్కడా కుంటలేదు.

"మీరు చెప్పారా?" అంది కొక్కెం మాస్టారితో.

"దేవుడి మీద ఒట్టు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. అది పాఠం వైపు సరిగ్గా చూడను కూడా లేదమ్మా."

అమ్మాయి వరండాలో పంపు దగ్గర మొహం కడుక్కుంటోంది. చిన్న మేడం వెళ్ళి నిలబడింది. పంపు కట్టేదాకా ఆగలేదు.

"ఎందుకిలా రాశావు?"

అమ్మాయి పంపు కట్టేసి చున్నీతో మొహం తుడుచుకుంది. "అదే రాస్తే పాసు కదా మేడమ్."

"నేనున్నానని చెప్పానుగా? నీ పక్కన నిలబడతానన్నానుగా?"

"అన్నారు."

"మరి?"

"మీరు నిలబడితే మీ ఉద్యోగం మీకుంటుంది మేడమ్. తేడా వస్తే పెట్టె మోసేది మా బావ." గొంతులో కోపం లేదు. పాఠంలో అనుమానం అడిగేటప్పుడు ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడింది. "తిరిగెళ్తే మా నాన్న ఇంకోసారి పంపడు. బావ ఆయన కాళ్ళావేళ్ళా పడి పంపించాడు. మీకు తెలియదు కదా అది."

చిన్న మేడానికి తెలియదు. అడగలేదు కూడా. ఆమె స్టాఫ్ రూమ్‌కి తిరిగివచ్చి ఆకుపచ్చ పెన్ను మూత తీసింది. ఎర్ర టిక్కుల పక్కన టిక్కులు పెట్టింది. పెన్ను ఒత్తిడికి అవి వెనకవైపు కూడా కనిపించాయి.

ప్రిన్సిపాల్ గారు ఆమె కోసమే ఎదురు చూస్తున్నారు. మార్కులు చూసి, "చూశారా, ఎంత సులువుగా పోయిందో" అన్నారు. పేపర్‌వెయిట్ ఎత్తి ఫిర్యాదు బయటికి తీశారు. "ఇది ఇలా ఉండగా ఆ అమ్మాయి పేరు మళ్ళీ ఎక్కించడానికి లేదు. పేపర్లో తప్పుందని ఒకవైపు, అదే పేపర్లో పాసయిందని ఇంకోవైపు. రెండూ ఒకే ఫైల్లో ఎలా ఉంటాయి? పరిశీలించాను, దోషమేమీ లేదు, వెనక్కి తీసుకుంటున్నాను అని కింద రాసి సంతకం పెట్టండి."

"రాయకపోతే?"

"రాయకపోతే నేనేం చేస్తాను మేడం? ఫైలే ఆగిపోతుంది."

తెరిచిన తలుపులోంచి వరండా కనిపిస్తోంది. బావ ట్రంకుపెట్టె మీదినుంచి లేచి నిలబడ్డాడు. లోపలికి చూడడం మర్యాద కాదనుకున్నాడేమో, గేటు వైపు చూస్తున్నాడు. మెడ మాత్రం ఇటు తిరిగి ఉంది.

"ఎలా రాయాలో చెప్పండి" అంది చిన్న మేడం. "మీ మాటల్లోనే చెప్పండి. నా మాటలు కలపను."

ఆయన పరాయి భాషలో ఒక్కో ముక్క చెప్పారు. ఆమె ఒక్కో ముక్క రాసింది. సంతకం పెట్టి కాగితాన్ని ఆయన వైపు తోసింది. కాగితం బల్ల దాటి ఆయన ఒళ్ళో పడింది. ఆయన దాన్ని తీసి ఫైల్లో పెట్టారు.

బయటికి రాగానే బావ చేతులు జోడించాడు. "మీ మేలు మర్చిపోలేం మేడం గారూ." ఆమె వద్దన్నట్టు చేయి ఊపింది. అతను పెట్టె భుజానికెత్తుకుని హాస్టలు వైపు నడిచాడు. "ఇందులో ఇటుకలు పెట్టావేంటే?" అంటున్నాడు. "పుస్తకాలు బావా." "రెండూ ఒకటేలే."

నాలుగడుగులు వేసిన అమ్మాయి వెనక్కి వచ్చింది.

"మేడమ్, మిగతావాళ్ళకి చెప్పారా?"

"ఏం చెప్పాలి?"

"నీళ్ళలో యాసిడ్ అని. వాళ్ళింకా యాసిడ్‌లో నీళ్ళు అనే అనుకుంటున్నారు. హాస్టల్లో నేను చెప్తే, తప్పినదానివి నువ్వు మాకు చెప్పేదేంటే అన్నారు. వచ్చే నెల ల్యాబు కదా."

ఈ మూడు రోజుల్లో చిన్న మేడం మాస్టారితో పోట్లాడింది, ల్యాబు సారుతో వాదించింది, ప్రిన్సిపాల్ మీద అరిచింది. ఒక్క పేపరు కోసం. ఆ కట్టలోని మిగతా పేపర్లు రాసినవాళ్ళు పై అంతస్తులోనే ఉన్నారు. వాళ్ళకి ఒక్క మాట చెప్పడానికి పట్టేది మెట్లెక్కేంతసేపు.

"రా" అంది.

మెట్లు ఎక్కేటప్పుడు ఆమె పరుగులాంటి నడక నడిచింది. క్లాసులో కొక్కెం మాస్టారు పాఠం చెబుతున్నారు. ఆమె గుమ్మంలో ఆగలేదు. "ఒక్క నిమిషం మాస్టారూ" అంటూ బోర్డు దగ్గరికి వెళ్ళింది. అమ్మాయి వెళ్ళి తన బెంచీలో కూర్చుంది.

చిన్న మేడం సొంత భాషలోనే చెప్పింది. "మొన్న పరీక్షలో మీరంతా రాసింది తప్పు. పాఠంలో తప్పు పడింది. యాసిడ్‌లో నీళ్ళు పోస్తే మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. కళ్ళు పోతాయి. ముందు నీళ్ళు, తర్వాత యాసిడ్, చుక్క చుక్క. ఇంకోసారి చెప్తున్నాను. నీళ్ళలో యాసిడ్."

ముందు బెంచీలో ఒకడు లేచాడు. "కాని మేడమ్, మాకు మార్కులు వచ్చాయి కదా?"

"వచ్చాయి."

"తీసేస్తారా?"

"తీయరు."

వాడు కూర్చోలేదు. "మరి పై పరీక్షలో ఇదే పాఠం వస్తే ఏది రాయాలి మేడమ్?"

ఆమె కొక్కెం మాస్టారి వైపు చూసింది. ఆయన సుద్దముక్కను వేళ్ళ మధ్య తిప్పుతూ కిటికీ వైపు చూస్తున్నారు. తాను ఇప్పుడే సంతకం పెట్టి వచ్చిన కాగితం ఆమెకు గుర్తొచ్చింది. దోషమేమీ లేదు. పెన్నులన్నీ కాగితాల మీద ఎత్తి పట్టుకుని ఉన్నాయి.

వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి అంది, సమస్య తేలిపోయినట్టు: "ఏముందిరా, రెండూ రాసుకుంటే పోలా? పరీక్షకి ఒకటి, ల్యాబుకి ఒకటి."

స్కేళ్ళు బయటికి వచ్చాయి. బెంచీ వెంట బెంచీగా అందరూ పేజీ మధ్యలో నిలువు గీత గీసుకున్నారు.